భర్తకు అంగస్తంభన సమస్య ఉంటే భార్య తన బాధ గురించి మాట్లాడటం స్వార్థమా?

మీరు రాసినదాన్ని ముందు నా మాటల్లో కుదించి చెబుతాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. మీ ఆయనకు 44 ఏళ్లు. ఏడాదిన్నరగా అంగస్తంభన సరిగ్గా రావడం లేదు, వచ్చినా నిలవడం లేదు. మొదట్లో పని అలసట అన్నారు, తర్వాత ఆ విషయం ఎత్తితేనే చిరాకు పడ్డారు, ఇప్పుడు దగ్గరికి రావడమే మానేశారు, మీరు చెయ్యి వేసినా నిద్రొస్తోందని అటు తిరిగి పడుకుంటున్నారు. మీకేమో నా మీద ఇష్టం పోయిందా, ఇంకెవరైనా ఉన్నారా అని అనుమానం. తెల్లవారుజామున ఆయనకు స్తంభన రావడం మీరు ఒకటి రెండుసార్లు గమనించారు, దాంతో ఆ అనుమానం ఇంకా గట్టిపడింది. ఈ మధ్య మీకే కోరిక లేకుండా పోయింది. చివర్లో, జబ్బు ఆయనది కదా, నా బాధ గురించి మాట్లాడితే స్వార్థం అవుతుందా అని అడిగారు.

అవ్వదు. లైంగిక సమస్యలున్న జంటలకు కౌన్సెలింగ్ చేయడం చాలా ఏళ్లుగా నా పని, యూరాలజిస్టులతో కలిసి చూస్తాను. భార్యలు నా ఎదురుగా కూర్చుని మొదట అనే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే, 'నాకేం పర్లేదండీ, ఆయన కుంగిపోతున్నారని వచ్చాను' అని. ఆ పర్లేదు కింద ఎంత ఉందో బయటికి రావడానికి అరగంట పడుతుంది, కొందరికి రెండు మూడు సిట్టింగులు పడుతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్తంభన లేకపోవడం వల్ల భార్యకు జరిగే నష్టం ఉంది, కాదనను, కానీ దాన్ని దాచుకోవడానికి భర్త మొదలుపెట్టే మౌనం, తప్పించుకు తిరగడం వల్ల జరిగే నష్టం దానికంటే చాలా పెద్దది. స్తంభనకు డాక్టరు మందు రాయగలరు. మౌనం ఆ మందుతో పోదు, అందుకే మాత్ర చక్కగా పనిచేసినా కొన్ని జంటల మధ్య దూరం అలాగే ఉండిపోతుంది.

ముందు మీ కోరిక సంగతి. 2005లో వెలువడిన ఒక పరిశోధనలో పలు దేశాల మహిళలను అడిగారు, భర్తకు అంగస్తంభన సమస్య మొదలయ్యాక మీ సంగతేంటి అని. సమస్య వచ్చాక తమకూ కోరిక, ఉద్రేకం, భావప్రాప్తి, తృప్తి అన్నీ తగ్గాయని వాళ్లు చెప్పారు. మందులు వాడుతున్న మగవాళ్ల భార్యల్లో పరిస్థితి మెరుగ్గా ఉంది. అంటే మీకు జరుగుతున్నది మీ వయసు వల్లో, మీ మనసు రాయి అయిపోవడం వల్లో కాదు. శరీరం అనుభవం నుంచి నేర్చుకుంటుంది. ఉద్రేకం మొదలవడం, మధ్యలో ఆగిపోవడం, ఆయన ముఖం మాడ్చుకుని లేచిపోవడం, మీరు చీకట్లో పైకప్పు చూస్తూ పడుకోవడం, ఇది పదే పదే జరిగితే అసలు మొదలుపెట్టకపోవడమే మేలని శరీరం నిర్ణయించుకుంటుంది. స్పర్శ తక్కువైతే తడి రావడం తగ్గుతుంది, తడి లేనప్పుడు కలిస్తే నొప్పి, నొప్పి ఒకటి రెండుసార్లు వచ్చిందంటే తర్వాతిసారి ముందే కండరాలు బిగుసుకుపోతాయి. కొందరిలో అదే ఒక విడి సమస్యగా మారిపోయి, భర్తకు నయమయ్యాక కూడా ఆమెకు వైద్యం చేయాల్సి వస్తుంది. మీరు ఆ దశ దాకా వెళ్లారో లేదో మీ ఉత్తరాన్ని బట్టి చెప్పలేను, కానీ నొప్పి ఉంటే మాత్రం దాన్ని ఆయన సమస్య కింద కలిపేసి వదిలేయకండి, గైనకాలజిస్టుకు చూపించుకోండి.

ఇక నా మీద ఇష్టం పోయిందా అన్న ప్రశ్న. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఆడవాళ్లను లోపల్నుంచి తినేసేది ఇదే. అద్దం ముందు నిలబడి ఒంటిని తిట్టుకుంటారు, బరువు తగ్గాలనుకుంటారు, కొత్త నైటీలు కొంటారు, అవీ పనిచేయకపోతే ఇంకా కుంగిపోతారు. అంగస్తంభన అనేది ప్రేమను కొలిచే మీటరు కాదు, అది రక్తప్రసరణకు సంబంధించిన పని. ఉద్రేకం కలిగినప్పుడు నరాల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవుతుంది, దానివల్ల అంగంలోని నునుపు కండరం సడలుతుంది, రక్తం వచ్చి నిండుతుంది, బయటికి పోయే దారి నొక్కుకుపోయి అది నిలుస్తుంది. భయం దీనికి సరిగ్గా వ్యతిరేకం. టెన్షన్‌లో అడ్రినలిన్ విడుదలై రక్తనాళాలు కుంచించుకుంటాయి. కాబట్టి ఒకసారి విఫలమైన మగవాడు, ఈసారైనా ఆమెను తృప్తి పరచాలి అని ఎంత గట్టిగా అనుకుంటే అంత ఎక్కువ విఫలమవుతాడు. అమెరికా లైంగిక శాస్త్ర పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ 1970లోనే దీన్ని వివరించారు, అనుభవించడం మానేసి పక్కన నిలబడి తనను తాను గమనిస్తూ ఉండే స్థితి అని. పడక పరీక్ష హాలైపోతుంది. మీ మీద లెక్కలేనితనం ఉన్నవాడికి ఈ భయం ఉండదు, ఇది మీకు వింతగా అనిపించొచ్చు గానీ నిజం.

తెల్లవారుజామున వచ్చే స్తంభన చూసి మీరు తేల్చుకున్నది కూడా తప్పు. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకు నిద్రలో, ముఖ్యంగా కలలు వచ్చే దశలో, రాత్రికి మూడు నుంచి ఐదుసార్లు దానంతటదే స్తంభన వస్తుంది. దానికి కోరికతో పని లేదు, ఎవరినో తలచుకోవడం అంతకన్నా కాదు. నిద్రలో వస్తోందంటే రక్తనాళాలు, నరాలు చాలావరకు పనిచేస్తున్నాయని, మెలకువలో మనసు అడ్డుపడుతుండొచ్చని డాక్టరుకు ఒక సూచన. అలాగే ఒంటరిగా ఉన్నప్పుడు వస్తుంది, మీ దగ్గర రాదు అని తెలిసినా అది మీ మీద తీర్పు కాదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరి ముందూ నెగ్గాల్సిన అవసరం లేదు, అంతే. నిజంగా ఇంకొక సంబంధం ఉండటం అసాధ్యమని నేను అనను, ఆ మాట చెప్పగలిగేది ఆయన ఒక్కరే. నేను చెప్పేది, స్తంభన రాకపోవడాన్ని దానికి రుజువుగా పట్టుకోకండి అని.

ఇప్పుడు మౌనం ఎలా పెరుగుతుందో చూడండి. ఆయన సంభోగానికి భయపడుతున్నారు. కౌగిలింత ముద్దుకు దారితీస్తుంది, ముద్దు ఇంకోదానికి దారితీస్తుంది, కాబట్టి కౌగిలింతే మానేశారు. టీవీ దగ్గర ఆలస్యంగా కూర్చుంటారు, మీరు నిద్రపోయాక వస్తారు. మీకు అర్థమయ్యింది 'నన్ను ముట్టుకోవడం కూడా ఇష్టం లేదు' అని. పోనీలే, ఆయన్ను ఇబ్బంది పెట్టకూడదని మీరూ దూరం జరిగారు. ఆయనకు అర్థమయ్యింది 'చూశావా, ఈవిడకు నాతో పని లేదు' అని. ఇద్దరూ ఒకరిని ఒకరు కాపాడుతున్నామనే అనుకుంటున్నారు. ఏడాదిన్నర గడిచాక ఇంట్లో పిల్లలు, బిల్లులు, భోజనం తప్ప వేరే మాట ఉండదు. మధ్యలో కోపం కూడా వస్తుంది. దాన్ని ఆడవాళ్లు ఒప్పుకోరు, జబ్బు మనిషి మీద కోపం ఏంటని సర్దుకుంటారు, ఆ కోపం వంటింట్లో గిన్నెల మీదో పిల్లల మీదో పడుతుంది. మీ మీద మీకే జాలి, ఆయన మీద జాలి, కోపం, అనుమానం, తప్పు చేస్తున్నానన్న భావం, ఇవన్నీ ఒకే వారంలో రావడం మామూలే. నిద్ర పాడవుతుంది. రెండు వారాలు దాటి రోజూ దిగులుగా ఉంటే, ఏ పనిమీదా ఆసక్తి లేకపోతే, ఆకలి నిద్ర మారిపోతే అది డిప్రెషన్ కావచ్చు, అది మీ సొంత ఆరోగ్య సమస్య, ఆయన డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా దాన్ని వాయిదా వేయనక్కర్లేదు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం ఆ రోజే ఎవరికైనా చెప్పి సాయం తీసుకోండి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. అందరు ఆడవాళ్లూ బాధపడరు. కొందరికి హాయిగా ఉంటుంది, పైకి చెప్పరంతే. ఎప్పుడూ సుఖం ఇవ్వని, నొప్పి మాత్రమే మిగిల్చిన కాపురం ఐతే, అది ఆగిపోవడం వాళ్లకు విముక్తి. అదీ తప్పు కాదు. అలాంటి ఆమెను అడగకుండా భర్తకు మాత్ర రాసిచ్చి పంపించడం ఎంత పెద్ద పొరపాటో డాక్టర్లు ఆలోచించాలి. 2003లో న్యూజిలాండ్‌లో యానీ పాట్స్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు వయాగ్రా వాడే మగవాళ్ల భార్యలతో మాట్లాడి ప్రచురించిన పరిశోధనలో వచ్చిన ఫిర్యాదులు ఇవే, మాత్ర వేసుకున్నాడు కాబట్టి ఈ రాత్రి కలవాల్సిందే అన్న ఒత్తిడి, ముందు ఉండే ముద్దూ ముచ్చటా పోయి నేరుగా పనిలోకి దిగడం, ఆమె మనసు ఏంటని ఎవరూ అడగకపోవడం.

శీఘ్రస్ఖలనం గురించి మీరు అడగలేదు గానీ, ఇదే బాధతో వచ్చేవాళ్లలో చాలామంది సమస్య అదే, కాబట్టి రెండు ముక్కలు. పెళ్లైనప్పటి నుంచీ ఉన్నదైతే, ప్రవేశించిన దాదాపు నిమిషంలోపే ఆపుకోలేక స్ఖలనం అయిపోవడం, అది ఆరు నెలలకు పైగా దాదాపు ప్రతిసారీ జరగడం, దానివల్ల మనోవేదన ఉండటం, ఇవన్నీ ఉంటేనే జబ్బు అంటారు. మధ్యలో వచ్చినదైతే సుమారు మూడు నిమిషాల్లోపు పడిపోవడం. ఐదు దేశాల జంటలతో స్టాప్‌వాచ్ పెట్టి కొలిచి 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో సగటు మగవాడి సమయం 5.4 నిమిషాలు, కాబట్టి అరగంట, గంట అనేవన్నీ గొప్పలు. ఇక్కడ భార్యను బాధపెట్టేది గడియారం కాదు. అయిపోయిన మరుక్షణం ఆయన సిగ్గుతో మూసుకుపోవడం, ఆమె సుఖం కూడా అక్కడితో ముగిసినట్టు లెక్క వేయడం. 2018లో అమెరికా మహిళల మీద వచ్చిన ఒక సర్వేలో ప్రవేశం ఒక్కదానితోనే భావప్రాప్తి సరిపోతుందన్నది 18.4 శాతం మంది మాత్రమే, మిగతావాళ్లలో ఎక్కువ మందికి క్లిటోరిస్ (యోనిద్వారం పైన ఉండే సున్నితమైన భాగం) దగ్గర స్పర్శ కావాలి లేదా అది ఉంటే మరింత బాగుంటుంది. అంటే చేతులు, నోరు, ఓపిక ఉన్న మగవాడి దగ్గర శీఘ్రస్ఖలనం భార్యకు అంత నష్టం చేయాల్సిన అవసరమే లేదు. వైద్యం కూడా ఉంది. 1956లో జేమ్స్ సీమన్స్ చెప్పిన ఆపి మళ్లీ మొదలుపెట్టే పద్ధతి, డాపాక్సెటిన్ లాంటి మందులు, మొద్దుబార్చే క్రీములు. క్రీము వాడితే కొద్దిసేపాగి కడుక్కోవాలి లేదా కండోమ్ వేసుకోవాలి, లేకపోతే మొద్దుబారేది ఆమెకూ అంటుతుంది. ఈ మాట రాసిచ్చేవాళ్లు కూడా చెప్పరు చాలాసార్లు.

స్ఖలనం ఎంతసేపటికీ కాకపోవడం, మగవాడికి కోరికే లేకపోవడం, ఇవి కూడా ఉంటాయి. వీటిలో ఆడవాళ్లకు ఇంకా ఎక్కువ అవమానంగా అనిపిస్తుంది, మగవాడంటే ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడు అని అందరం నమ్మేశాం కాబట్టి. డిప్రెషన్‌కి వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు, తక్కువ టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్), ఎక్కువ ప్రొలాక్టిన్ (ఇదీ ఒక హార్మోనే), ఇలాంటి కారణాలు ముందు చూడాలి.

పిల్లల కోసం ప్రయత్నిస్తున్న జంటల్లో ఇది ఇంకో రూపం తీసుకుంటుంది. అందరూ అడిగేది ఆమెనే. స్కానింగులు, రక్తపరీక్షలు, హార్మోన్ ఇంజెక్షన్లు అన్నీ ఆమె ఒంటి మీద జరుగుతాయి, అసలు కలయికే సరిగ్గా జరగడం లేదన్న మాట భర్త పరువు కోసం ఆమె ఎక్కడా చెప్పదు. సంతానలేమి ఉన్న జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కారణం కూడా ఉంటుంది, వీర్య పరీక్ష అన్నిటికన్నా సులువైన పరీక్ష. అండం విడుదలయ్యే రోజు చూసి ఈ రాత్రే కలవాలి అని క్యాలెండర్ పెట్టడం వల్లే స్తంభన పోయినవాళ్లూ ఉన్నారు. ఇంకొకటి, పిల్లలు కావాలనుకునేవాళ్లు బలానికని టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకోకూడదు, అవి వీర్యకణాల ఉత్పత్తిని ఆపేస్తాయి.

ఆయన్ను డాక్టరు దగ్గరికి ఎందుకు తీసుకెళ్లాలో ఇప్పుడు చెబుతాను, ఇది పడక సంగతి ఒక్కటే కాదు. అంగానికి రక్తం తెచ్చే నాళాల వెడల్పు సుమారు ఒకటి రెండు మిల్లీమీటర్లు, గుండెకు రక్తం ఇచ్చేవి మూడు నాలుగు మిల్లీమీటర్లు. కొవ్వు పేరుకోవడం, నాళాల గోడలు గట్టిపడటం అన్నిచోట్లా జరిగేదే, సన్నటి నాళం ముందు బయటపడుతుంది. రక్తనాళాల వల్ల వచ్చిన అంగస్తంభన లోపం గుండె జబ్బు లక్షణాల కంటే రెండు నుంచి ఐదేళ్లు ముందు కనిపించొచ్చు. 44 ఏళ్ల మనిషిలో ఏడాదిన్నరగా ఉన్న సమస్యను అలసట అని వదిలేయడం నాకు అస్సలు నచ్చదు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, పొద్దున పూట టెస్టోస్టిరాన్ చూడాలి. టెస్టోస్టిరాన్ తక్కువ వస్తే ఇంకో రోజు పొద్దున మళ్లీ చేయించాలి, ఒక్క రిపోర్టుతో తేల్చరు. సిగరెట్, మద్యం, బరువు, గురక, నిద్ర అన్నీ అడుగుతారు. కొన్ని బీపీ మందులు, ముఖ్యంగా నీరు పోయేలా చేసే కొన్ని రకాలు, జుట్టు రాలకుండా వాడే ఫినాస్టెరైడ్ కూడా కారణం కావచ్చు. అలాగని బీపీ మాత్ర ఎవరికి వారు ఆపేయకూడదు, డాక్టరే మారుస్తారు. ఆయన ఒంటరివాడు కాదని కూడా చెప్పండి. మసాచుసెట్స్‌లో 40 నుంచి 70 ఏళ్ల మగవాళ్ల మీద చేసి 1994లో ప్రచురించిన అధ్యయనంలో 52 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో ఈ సమస్య ఉంది.

సిల్డెనాఫిల్‌కు (వయాగ్రాలో ఉండే మందు) అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది 1998 మార్చిలో, అప్పటినుంచి ఈ మాత్రల మీద ఆశలు, అపోహలు సమానంగా పెరిగాయి. అవి కోరిక పుట్టించవు. ఉద్రేకం ఉంటేనే పనిచేస్తాయి, స్పర్శ లేకుండా మాత్ర వేసుకుని ఎదురుచూస్తే ఏమీ జరగదు, అప్పుడు ఇద్దరూ ఇంకా భయపడతారు. సిల్డెనాఫిల్ అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి, బాగా కొవ్వున్న భోజనం చేస్తే ఆలస్యమవుతుంది. ఇదే రకానికి చెందిన టాడాలాఫిల్ ప్రభావం 36 గంటల దాకా ఉండొచ్చు, టైము చూసుకోవాల్సిన ఒత్తిడి ఉండదు కాబట్టి చాలామంది భార్యలు దాన్నే మెచ్చుకుంటారు. మొదటిసారి పనిచేయకపోతే చాలించేయకూడదు, సరైన మోతాదులో ఆరేడు సార్లైనా చూడాలి. గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడేవాళ్లు వీటిని అస్సలు ముట్టకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. నాలుగు గంటలు దాటి స్తంభన తగ్గకపోతే ఎమర్జెన్సీకి వెళ్లాలి. మూలికల పేరుతో వచ్చే క్యాప్సూళ్లు చాటుగా తెప్పించుకునే మగవాళ్లు చాలామంది, వాటిలో ఏ మోతాదో తెలియని సిల్డెనాఫిల్ కలిసి ఉండటం ఎఫ్‌డీఏ పరీక్షల్లో పదే పదే బయటపడింది.

మీకు తెలియకుండా మాత్ర వేసుకోవడం మాత్రం ఆయన చేయకూడదు. ఏడాదిన్నర ఏమీ లేని శరీరం ఒక రాత్రి అకస్మాత్తుగా సిద్ధం కాదు. లూబ్రికెంట్ కొనిపెట్టుకోండి, అందులో సిగ్గు లేదు. నెలసరి ఆగిపోయే వయసులో ఉన్నవాళ్లకు యోని పొడిబారడం సహజం, గైనకాలజిస్టు రాసిచ్చే ఈస్ట్రోజెన్ క్రీము బాగా పనిచేస్తుంది. ఆయన వేగానికి మీరు తూగనక్కర్లేదు.

మాట్లాడటం ఎలా అంటారా. పడకలో వద్దు, విఫలమైన వెంటనే అసలు వద్దు, ఆయన ఆకలిగా ఉన్నప్పుడు కూడా వద్దు. నడకకు వెళ్లినప్పుడో, కారులో పక్కపక్కన కూర్చున్నప్పుడో మేలు, ఒకరి ముఖం ఒకరు చూడాల్సిన పని ఉండదు. 'మీకు ఏమైంది' అని మొదలుపెడితే ఆయన గోడ కట్టేస్తారు. మీ గురించి మొదలుపెట్టండి. 'మీరు అటు తిరిగి పడుకుంటే నాకు ఏడుపొస్తోంది. కలవకపోయినా ఫర్వాలేదు, పక్కన చెయ్యి పట్టుకుని పడుకోండి. అది కూడా లేకపోతే నేను తట్టుకోలేకపోతున్నాను.' ఇలా, మీరు రోజూ మాట్లాడే భాషలో. పర్లేదు అనే మాట మాత్రం వాడకండి. అది మీరు జాలితో అంటారు, ఆయనకు 'నీ నుంచి ఇంకేమీ ఆశించడం లేదు' అని వినిపిస్తుంది. రెండో మాటగా గుండె సంగతి చెప్పండి. అది సాకు కాదు, నిజమైన కారణమే, పైగా చాలామంది మగవాళ్లు దాని కోసమైతే గడప దాటుతారు. అలాగని అసలు విషయం దాచి, మామూలు చెకప్ అని తీసుకెళ్లి డాక్టరు ముందు బయటపెట్టకండి. నమ్మకం పోతుంది.

ఇంట్లో చేయగలిగింది ఒకటుంది, నేను దాదాపు ప్రతి జంటకూ ఇస్తాను, మాస్టర్స్, జాన్సన్ నుంచి వచ్చిందే. కొన్ని వారాలు సంభోగాన్ని పూర్తిగా నిషేధించాలి. స్తంభన వచ్చినా సరే ప్రవేశం లేదు. వారానికి రెండు మూడుసార్లు, ఫోన్లు పక్కన పడేసి, ఒకరు ఇంకొకరిని అరగంట మెల్లగా తాకడం, మొదట్లో రొమ్ములు, మర్మాంగాలు వదిలేసి. తర్వాత వాటినీ కలుపుకుని, కానీ ఎక్కడికో చేరాలన్న తొందర లేకుండా. ప్రవేశం అన్నిటికన్నా చివర. పరీక్షే లేదని తెలిశాక ఆయన భయం తగ్గుతుంది, తాకితే ఇంకోదానికి సిద్ధపడాలన్న టెన్షన్ మీకూ ఉండదు. నవ్వొస్తుంది మొదటి రెండుసార్లు, రానివ్వండి. కొన్ని జంటలు నిషేధం ఉల్లంఘించామని సిగ్గుపడుతూ వచ్చి చెబుతారు, వాళ్లను నేనేమీ అనను. కానీ ఆ మర్నాడు ఆయన మళ్లీ భయపడితే మొదటికి వెళ్లమంటాను.

అన్నీ పాత రోజుల్లాగే అవుతాయని హామీ ఇవ్వను. షుగర్ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకు, ప్రోస్టేట్ ఆపరేషన్‌లో నరాలు దెబ్బతిన్నవాళ్లకు మాత్రలు సరిపోకపోవచ్చు. ఆపరేషన్ తర్వాత నరాలు కోలుకోవడానికి రెండేళ్లు కూడా పట్టొచ్చు. వాళ్లకు అంగంలోకి చేసుకునే ఇంజెక్షన్లు, వాక్యూమ్ పరికరం, చివరికి ఆపరేషన్‌తో అంగంలో అమర్చే ఇంప్లాంట్ ఉన్నాయి. ఏదీ వద్దనుకుని, ప్రవేశం లేకుండానే ఒకరినొకరు తృప్తి పరచుకుంటూ హాయిగా ఉన్న జంటలు నాకు తెలుసు. వాళ్లలో నాకు కనిపించే ఉమ్మడి విషయం, భర్త తన సమస్య కోసం భార్య సుఖాన్ని ఆపేయకపోవడం.

ఆయన ససేమిరా రానంటే? మీరు ఒక్కరే వెళ్లండి, కౌన్సెలర్లు ఒంటరిగా వచ్చిన భార్యతోనూ పనిచేస్తారు. 'నేను మాట్లాడటానికి వెళ్తున్నాను, మీరు ఎప్పుడైనా రావొచ్చు' అని ఆయనకు చెప్పే వెళ్లండి. ఎంతకాలం ఎదురుచూడగలరో మీలో మీరు తేల్చుకోండి, అది బెదిరింపు కాదు, మీ జీవితం మీద మీకున్న హక్కు. ఒక్క సందర్భంలో మాత్రం నేను ఓపిక పట్టమని చెప్పను. తన వైఫల్యానికి నువ్వే కారణం అంటూ తిట్టడం, మీ ఒళ్లు అందంగా లేదని నలుగురిలో ఎగతాళి చేయడం, చెయ్యి చేసుకోవడం, బలవంతం చేయడం, ఇవి అంగస్తంభన లోపం లక్షణాలు కావు. అది హింస, దానికి సాయం వేరేచోట వెతకాలి, జంట కౌన్సెలింగ్ అక్కడ సరిపడదు.

ఆయన వస్తానంటే, ఆయన వాడుతున్న మందుల చీటీలన్నీ, ఇదివరకు చేయించిన రిపోర్టులూ తీసుకుని మీరూ వెంట వెళ్లండి. డాక్టరు మీ ఇద్దరితో కలిపి కొంతసేపు, విడివిడిగా కొంతసేపు మాట్లాడితే మంచిది, అలా కావాలని మీరే అడగండి. మీకు నొప్పి ఉంటే, కోరిక పోయి ఉంటే ఆయన ఎదుటే డాక్టరుకు చెప్పేయండి. ఐదు నిమిషాల్లో మాత్ర పేరు రాసిచ్చి, షుగర్ బీపీ చూడకుండా, మీ వైపు తిరిగి ఒక్క ప్రశ్నా వేయకుండా పంపించేస్తే, ఇంకో డాక్టర్‌ను చూసుకోండి.